చార్మినార్ పాతబస్తీ: ప్లాను ఎక్కడుంది, దాన్ని నేల మీద ఎలా చదవాలి

మీరు అడిగినవి మూడు. హైదరాబాదు 1591లో ప్లాను గీసి కట్టిన నగరం అంటారు, వెళ్లి చూస్తే ఇరుకు సందులు తప్ప ఏమీ కనిపించలేదు, ఆ ప్లాను ఎక్కడుంది? దాన్ని చూడాలంటే ఎలా తిరగాలి? పాత కట్టడాల గచ్చు (గోడల మీది సున్నపు పూత) ఎందుకలా రాలిపోతోంది?

ప్లాను ఉంది. నాలుగు వందల ఏళ్లు దాటినా పనిచేస్తూనే ఉంది. మీరు బహుశా చదరంగం బల్ల లాంటి వీధులను వెతికి ఉంటారు, అందుకే దొరకలేదు. జైపూరులో 1727లో అలా గళ్లు గీశారు. ఇక్కడ గీసినవి రెండే దారులు: తూర్పు పడమరలుగా ఒకటి, ఉత్తర దక్షిణాలుగా ఒకటి. అవి కలిసే చోట చార్మినార్. ఆ కూడలితో నేల నాలుగు ముక్కలైంది. ముక్కల అంచుల మీద బజార్లు రావాలని, లోపలి భాగం రాజుకో, అమీర్లకో, తోటలకో పోవాలని లెక్క. లోపల వీధులు ఎలా ఉండాలో ఎవరూ గీయలేదు. మీరు చూసిన సందులన్నీ ఆ గీయని చోట తర్వాత పుట్టుకొచ్చినవే.

ఆ రెండు దారుల్లో తూర్పు పడమర దారి వయసులో పెద్దది. గోల్కొండ నుంచి బందరు రేవుకు వజ్రాలూ బట్టలూ వెళ్లిన తోవ అదే. గోల్కొండ దాటగానే వచ్చే కార్వాన్ అన్న పేట పేరులోనే బిడారు ఉంది. మూసీ దాటడానికి ఇబ్రహీం కుతుబ్ షా 1578లో 22 కమానుల వంతెన కట్టించాడు. ఇప్పుడు దాన్ని పురానాపూల్ అంటున్నాం. అంటే నగరానికి 13 ఏళ్ల ముందే వంతెన ఉంది. నీటికీ చోటుకూ ఇబ్బందిపడుతున్న కోట నుంచి, దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో, అప్పటికే నడుస్తున్న దారి మీద ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కొత్త నగరం పెట్టాడు. దారి ముందు, ఊరు తర్వాత. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాది సులువు.

సంవత్సరం గురించి రెండు మాటలు. ప్లేగు తగ్గిన గుర్తుగా చార్మినార్ కట్టారన్నది అందరూ చెప్పే కథ. భాగమతి కథ ఇంకా ప్రసిద్ధం, దాని మీద చరిత్రకారుల వాదులాట ఇప్పట్లో తేలేది కాదు. ఈ రెంటికన్నా గట్టి ఆధారం లెక్కలో ఉంది. 1591 అక్టోబరులో హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైంది. అరబ్బీ అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ పద్ధతిలో ‘యా హాఫిజ్’ (ఓ రక్షకా) అన్న మాట కూడితే సరిగ్గా 1000 వస్తుంది. చార్మినార్‌కు సంప్రదాయంగా చెప్పే తేదీ మాట అదే. నగరానికి ఉన్న బిరుదు ‘ఫర్ఖుందా బునియాద్’ (శుభమైన పునాది) కూడితే 1006, అంటే 1597–98. చార్మినార్ పక్కనే, ఈశాన్యాన, దుకాణాల వెనక దాక్కున్న జామా మసీదు కూడా 1006 నాటిదే. వెయ్యో ఏట గుర్తు నాటి, ఆరేళ్లలో ఊరికి ఊరి రూపం తెచ్చారన్నమాట.

ప్లాను వేసింది పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ అంటారు. ఇరాన్ నుంచి వచ్చినవాడు కాబట్టి ఇస్ఫహాన్‌ను చూసి హైదరాబాదు గీశాడని చాలాచోట్ల రాస్తారు. తేదీలు చూడండి: ఇస్ఫహాన్‌లోని ప్రసిద్ధమైన మైదానం పని 1598 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి చార్మినార్ నిలబడి ఏళ్లు గడిచాయి. రెండు ఊళ్లకూ పాత ఇరానీ ‘చార్ సూ’ (నాలుగు దిక్కుల చౌరస్తా) ఆలోచనే మూలమంటే సరిపోతుంది. నకలు కొట్టారనడం కుదరదు.

అప్పటి రాతల్లో 14,000 దుకాణాలు, 12,000 మొహల్లాలు అన్న లెక్క కనపడుతుంది. దాన్ని పట్టుకుని ఎవరైనా వాదిస్తే భాగించి చూపించండి. మొహల్లాకు ఒక దుకాణం, ఇంకొంచెం. పొగడ్తకు రాసిన అంకె అది.

ఇక కట్టడం. చార్మినార్ ఒక్కో భుజం 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు 11 మీటర్లు, మినార్ల ఎత్తు సుమారు 56 మీటర్లు, పైకి 149 మెట్లు, పై అంతస్తులో పడమటి వైపు మసీదు. ఇందులో ప్లానుకు సంబంధించిన అంకె 11 మీటర్లే. అంబారీ ఏనుగు, దాని పక్కన నడిచే జనం ఆపకుండా కింద నుంచి సాగిపోయేంత వెడల్పు అది. నాలుగు పక్కలా ఒకే కొలత, ముందు వెనక అన్న తేడా లేదు. కోట గుమ్మానికి లోపలా బయటా ఉంటాయి, దీనికి లేవు. చౌరస్తా మీద నిలబెట్టిన గుర్తు ఇది. పైకెక్కితే నాలుగు దారులూ నాలుగు కమానుల నడిమి నుంచి తిన్నగా పోతున్నట్టు కనిపిస్తాయి. మిగతా ఏ చోటి నుంచీ ప్లాను అంత స్పష్టంగా కనపడదు.

చాలామంది ఇక్కడే ఆగిపోయి రెండో కూడలిని వదిలేస్తారు. నా లెక్కలో పాతబస్తీ ప్లానుకు అసలు కీలకం అదే. చార్మినార్ నుంచి ఉత్తరంగా సుమారు 250 మీటర్లు నడిస్తే గుల్జార్ హౌజ్ వస్తుంది, ఇప్పుడు ట్రాఫిక్ మధ్యలో చిన్న ఫౌంటెన్. దీని పాత పేరు ‘చార్ సూ కా హౌజ్’. చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు, 1592 నాటివి, కలిపి చార్ కమాన్: ఉత్తరాన మచిలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. ఆ చివరి పేరులో సింహం ఉందనుకుంటారు. అసలు మాట ‘సెహ్ర్-ఎ-బాతిల్’, మాయను విరగ్గొట్టేది అని అర్థం. అది రాజభవనాల్లోకి వెళ్లే వాకిలి. కమానుల నడుమ చోటు జిలూఖానా, అంటే రాజు ఊరేగింపు బయల్దేరేముందు సైన్యం, పరివారం బారులు తీరే ఆవరణ. చార్మినార్ దగ్గరి కూడలి జనానిది, గుల్జార్ హౌజ్ దగ్గరిది రాజుది. రెండూ ఒకే గీత మీద ఉండటం వల్ల కొలువు నుంచి బయల్దేరిన ఊరేగింపు కొన్ని నిమిషాల్లో బజారు నడిబొడ్డుకు చేరేది.

నాలుగు ముక్కల్లో ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి. ఇప్పటి రూపానికి కారణం అక్కడే ఉంది.

వాయవ్యం రాజుది. మూసీ ఒడ్డు దాకా భవనాలు, తోటలు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఈ ముక్క పాడుబడింది. ఇప్పుడు ఘాన్సీ బజార్ ఉన్న ప్రాంతం ఇదే. నది ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు భవనం పాత కుతుబ్ షాహీ మహళ్ల శిథిలాల మీదే లేచింది. నాటి రాజభవనం ఒక్కటైనా చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు. అందువల్లే నాలుగింటిలో పెద్ద ముక్కే ఎక్కువ అయోమయంగా ఉంటుంది.

ఈశాన్యం ఇరానీ అమీర్లది. 1595 నాటి దారుల్‌షిఫా ఇక్కడుంది. యునానీ వైద్యం చేస్తూ, నేర్పుతూ నడిచిన రెండంతస్తుల ఆసుపత్రి అది. నేటికీ దారుల్‌షిఫా, నూర్ ఖాన్ బజార్, డబీర్‌పురా షియాల పేటలే. ఆషుర్‌ఖానాలు (మొహర్రంలో పీర్లను నిలిపే ఇళ్లు) అడుగడుగునా ఉంటాయి. నాలుగు శతాబ్దాల నాటి కేటాయింపు ఇంత నిలకడగా ఉండటం మామూలు విషయం కాదు.

ఆగ్నేయంలో మొగల్‌పురా, సుల్తాన్‌షాహీ. మీర్ మోమిన్ సమాధి ఉన్న దాయిరా (శ్మశానం) ఇటువైపే. ఈ ముక్కలో పెద్ద కట్టడాలు తక్కువ, చెప్పాల్సిందీ తక్కువే.

నైరుతిలో మక్కా మసీదు. 1617లో మహమ్మద్ కుతుబ్ షా పునాది వేస్తే, ఔరంగజేబు కాలంలో 1694 నాటికి పూర్తయింది. తర్వాత ఆసఫ్ జాహీలు (నిజాములు) పాడుబడ్డ వాయవ్యాన్ని వదిలేసి ఈ ముక్కలో స్థిరపడ్డారు. చౌమహల్లా రాజభవనం పని 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) ముగిసింది. ఒకప్పుడు 45 ఎకరాలు, ఇప్పుడు మిగిలింది 12. అధికారం ఒక మూల నుంచి ఇంకో మూలకు మారినా కూడలి మాత్రం కదల్లేదు.

ఇక సందుల సంగతి. అమీరు ఇంటిని దేవిడి అనేవారు: రోడ్డు వైపు ఎత్తయిన ప్రహరీ, ఒక కమాను వాకిలి, లోపల ఒకదాని వెనక ఒకటిగా చౌకాలు (ఇంటి లోపలి ముంగిళ్లు), జనానా, గుర్రపుసాల, బావి, నౌకర్ల ఇళ్లు. వారసులు పెరిగి, జాగీర్లు పోయాక (1949లో జాగీర్దారీ రద్దయింది) దేవిడిని ముక్కలు చేసి అమ్మారు. అప్పుడు ప్రహరీ పక్కన నడిచే దారి సందు అయింది, చౌకం చిన్న బస్తీ అయింది, వాకిలి ఒక్కటే మిగిలింది. సాలార్‌జంగుల దీవాన్ దేవిడి అలాగే మార్కెట్ పేరుగా మారింది. కాబట్టి సందులో నడుస్తుంటే మూడు గుర్తులు చూడండి. సందు వంపు తిరగకుండా లంబంగా విరిగితే అది పాత ప్రహరీ మూల. సందు హఠాత్తుగా గోడకు కొట్టుకుని ఆగిపోతే మీరు ఒకప్పటి ఇంటి లోపల ఉన్నారు. చిన్న ఇళ్ల నడుమ ఒంటరిగా పెద్ద కమాను కనపడితే అది దేవిడి వాకిలి. ఈ మూడూ తెలిస్తే ‘గజిబిజి’ అన్న మాట మళ్లీ వాడరు.

పేర్లు కూడా బాగానే సాయం చేస్తాయి. బౌలి అని ఉంటే (దూద్ బౌలి, మూసా బౌలి, హరిబౌలి) అక్కడ దిగుడు బావి ఉండేది. మండీ అంటే టోకు సరుకు దిగే చోటు, మీర్ ఆలం మండీ లాగా. దర్వాజా అంటే గోడ గుమ్మం. తెలుగువాళ్లం పట్టించుకోం గానీ షా అలీ బండ, గాజీ బండలో ఉన్నది మన బండే. తలాబ్ కట్టలో ఉన్నది మన చెరువు కట్టే.

నగరం చుట్టూ గోడ మొదటి ప్లానులో లేదు. చార్మినార్ కట్టిన 130 ఏళ్ల తర్వాత, మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టాడు. అతను 1724లో యుద్ధంలో చనిపోతే మొదటి నిజాం పూర్తి చేయించాడు. సుమారు 6 మైళ్ల చుట్టుకొలత, 13 దర్వాజాలు, అన్నే ఖిడ్కీలు (చిన్న గుమ్మాలు). మిగిలినవి రెండు దర్వాజాలే: పురానాపూల్, డబీర్‌పురా. మధ్యయుగపు ఊరంటే ముందు గోడ అనుకుంటాం కదా, ఇక్కడ గోడ లేకుండానే ఊరు ఒక శతాబ్దానికి పైగా బతికింది. రక్షణ కోసం గోల్కొండ కోట ఉందిగా.

ఇంకో మార్పును జనం గమనించరు. ఇప్పుడు అందరూ ఉత్తరాన ఉన్న మదీనా కూడలి వైపు నుంచి, నయాపూల్ దాటి వస్తారు. ఆ వంతెన అఫ్జలుద్దౌలా కాలం నాటిది. అంతకుముందు ఉత్తర దారి నది ఒడ్డున ఆగిపోయేది. నగరం ముఖం పడమటికి, పురానాపూల్ వైపు ఉండేది. నయాపూల్ వచ్చాక, దాని అవతల బ్రిటిష్ రెసిడెన్సీ, సికిందరాబాదు పెరిగాక ముఖం ఉత్తరానికి తిరిగింది. పురానాపూల్ నుంచి హుస్సేనీ ఆలం మీదుగా వచ్చే దారి వెనకదారి అయిపోయింది. చార్మినార్ నుంచి పడమటికి పోయే లాడ్ బజార్ పడమటి చివర అంత వెలవెలబోవడానికి కారణం ఇదే.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత మరో చేయి పడింది. దాదాపు 15,000 మంది చనిపోయారని చెబుతారు. నదిని ఆనుకున్న బస్తీలు కొట్టుకుపోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వచ్చాయి. ఊళ్లో పనికి 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టారు. మచిలీ కమాన్ నుంచి మదీనా దాకా పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండు వైపులా కనిపించే రాతి కమానుల దుకాణాల వరస ఈ బోర్డు పనే, కుతుబ్ షాహీలది కాదు. గైడ్లు తరచూ తప్పు చెప్పే చోటు ఇది. బోర్డు చేసిన మంచి పని ఏమిటంటే పాత గీతను చెరపకుండా, దాన్నే వెడల్పు చేసి, రాతితో అంచు కట్టింది.

ప్లాను ఇంకా పనిచేస్తోందని మొదట్లో అన్నాను కదా, దానికి రుజువు ఊరేగింపులు. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం (పీరు) డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయల్దేరి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢం బోనాల్లో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఇదే ఉత్తర దక్షిణ దారి పట్టి నయాపూల్ దాకా వెళుతుంది. వినాయక నిమజ్జనంలో బాలాపూర్ గణపతి చార్మినార్ మీదుగానే హుస్సేన్ సాగర్‌కు పోతాడు. మూడింటికీ కావాల్సింది ఒకటే: మధ్యలో ఆగి, జనం చూసి, మళ్లీ సాగేంత చోటున్న తిన్నని దారి. రాజు ఊరేగింపు కోసం గీసింది దేవుళ్ల ఊరేగింపులకు పనికొస్తోంది.

చూడటం ఎలా అన్నదానికి వస్తే, ఉదయం 6.30కి మొదలుపెట్టండి. లాడ్ బజార్ దుకాణాలు 11 దాకా సరిగ్గా తెరవరు. షట్టర్లు మూసి, బండ్లు లేనప్పుడే పై అంతస్తులు, కమానులు, దారి తిన్నదనం కనిపిస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. రంజాన్ రాత్రులు అద్భుతంగా ఉంటాయి, కానీ అవి జనాన్ని చూడటానికి, ప్లానును కాదు.

ఆటోలో తిన్నగా చార్మినార్ దగ్గర దిగడం అందరూ చేసే పొరపాటు. పురానాపూల్ దర్వాజా దగ్గర దిగండి. అక్కడి నుంచి హుస్సేనీ ఆలం, మూసా బౌలి మీదుగా చార్మినార్ దాదాపు 2 కిలోమీటర్లు. చూసుకుంటూ నడిస్తే ముప్పావు గంట. ఇదే నగరంలోకి అసలు ప్రవేశం. మహబూబ్ చౌక్ దగ్గర 1892 నాటి గడియార స్తంభం వస్తుంది. అది దాటితే లాడ్ బజార్, దాని చివర కమాను నిండుగా చార్మినార్. ఈ దృశ్యం కోసమే పడమటి నుంచి రమ్మంటున్నది. తర్వాత ఉత్తరంగా గుల్జార్ హౌజ్ దాకా వెళ్లి, ఫౌంటెన్ దగ్గర నిలబడి నాలుగు కమానులూ ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. దుకాణాల బోర్డులు, కరెంటు తీగలు అడ్డం వస్తాయి, కాబట్టి కింద కాకుండా పైకి, కమాను కొస మీద చూపు పెట్టండి. అక్కడి నుంచి పత్తర్‌గట్టి మీదుగా మదీనా, దాని దగ్గర బాద్షాహీ ఆషుర్‌ఖానా. 1590లలో కట్టి, 1611 ప్రాంతంలో రంగు పలకలు పొదిగిన గోడలు అక్కడున్నాయి. పలకల కింది వరసలు ఎందుకు వేరుగా, పూసినట్టు కనిపిస్తున్నాయని అనుమానం వస్తే, 1908 వరద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గీతే చెబుతుంది. నయాపూల్ దాకా వెళ్లకపోయినా ఫర్వాలేదు.

అంగళ్లను కూడా వరసగా చదవొచ్చు. లాడ్ బజార్‌లో లక్క గాజులు (2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది), గుల్జార్ హౌజ్ చుట్టూ నగలు, పత్తర్‌గట్టిలో ముత్యాలు, బట్టలు, ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికల ప్రెస్సులు. పెళ్లి పని మీద వచ్చిన కుటుంబం కాలినడకన అన్నీ ముగించేలా ఒకదాని పక్కన ఒకటి కుదురుకున్నాయి.

ఇప్పుడు గచ్చు. ఇది కాస్త సాంకేతికం, కానీ పాతబస్తీలో పాత ఇల్లున్నవాళ్లందరికీ పనికొస్తుంది. ఈ కట్టడాల ఒళ్లు రాయి, చర్మం సున్నం. చార్మినార్ మినార్ల మీది పూలపని అంతా సున్నపు గచ్చే. అది శాశ్వతం అని కట్టినవాళ్లు కూడా అనుకోలేదు. కాలానికి ఒకసారి మళ్లీ పూయాల్సిందే. నైరుతి మినార్ మొగలు సుబేదార్ల కాలంలో పిడుగు పడి కూలితే 60,000 రూపాయలతో బాగుచేశారు. 1824లో లక్ష రూపాయలు పెట్టి మొత్తం కట్టడానికి మళ్లీ గచ్చు చేశారు. 2019 మేలో మక్కా మసీదు వైపు మినార్ నుంచి ఓ పెద్ద గచ్చు ముక్క రాలిపడింది.

డంగు సున్నం ఇలా చేస్తారు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, నీటి అడుగునే కనీసం రెండు మూడు వారాలు నానబెట్టాలి. ఎంత నానితే అంత మంచిది. తర్వాత ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు ఇసుక కలిపి డంగులో, అంటే గుండ్రటి కాలువలో తిరిగే రాతి చక్రం కింద నూరుతారు. నూరేటప్పుడు పోసే నీళ్లు మామూలువి కావు. దంచిన కరక్కాయ, బెల్లం కలిపి వారం పది రోజులు పులియబెట్టినవి. బెల్లం గచ్చును త్వరగా ఎండిపోనివ్వదు, కరక్కాయ పట్టు ఇస్తుంది. పైపూతకు సన్నగా నూరిన సున్నం, పాలరాతి పొడి, నునుపు కోసం కోడిగుడ్డు తెల్లసొన వాడేవారు.

పూసేటప్పుడు జరిగే తప్పులు నాలుగు రకాలు. మొదటిది మందం. ఒక్కో పొర 10–12 మిల్లీమీటర్లు దాటితే బయట గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతుంది, ఆ తర్వాత పగులుతుంది. రెండోది తొందర. సున్నం నీరు ఆరడం వల్ల గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. అందుకు తేమ కావాలి. పొరకూ పొరకూ వారమైనా వదలాలి, రోజూ నీళ్లు చిలకరించాలి, తడి గోనెపట్టాలు కప్పాలి. ఏప్రిల్, మే ఎండల్లో పూసిన గచ్చు పొడిలా రాలుతుంది. వానలు తగ్గాక మొదలుపెట్టడం మేలు. మూడోది పాత గోడ దుమ్ము కడగకుండా, తడపకుండా పూయడం. అప్పుడు గోడే కొత్త గచ్చులోని నీటిని లాగేస్తుంది.

నాలుగోది అన్నింటికన్నా చెడ్డది, సిమెంటు. పగులు కనపడగానే మేస్త్రీ సిమెంటు పూసేస్తాడు, రెండేళ్లు బాగానే ఉంటుంది. పాత గోడ పునాది నుంచి తేమ పీల్చి సున్నం గుండా బయటికి వదులుతుంటుంది. సిమెంటు ఆ దారి మూస్తుంది. తేమ పక్కకు తిరిగి సిమెంటు అంచున ఉన్న మంచి సున్నాన్ని తినేస్తుంది. తేమతో వచ్చిన లవణాలు గచ్చు వెనక గడ్డకట్టి దాన్ని బయటికి నెడతాయి. చివరికి సిమెంటు ముక్క ఊడేటప్పుడు ఒంటరిగా ఊడదు, వెనకున్న పాత రాతి కట్టుబడిని కూడా పీక్కొస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. వాన వెలిసిన మర్నాడు గోడ చూడండి. సున్నం గోడ అంతా ఒకేలా ఆరుతుంది, సిమెంటు అతుకు చుట్టూ మాత్రం నల్లటి తడి చారిక మిగిలి ఉంటుంది. వేలి కణుపుతో తడితే డొల్ల మోత వచ్చిన చోట గచ్చు ఇప్పటికే గోడను వదిలేసిందని అర్థం.

రావి మొక్కల సంగతీ ఇక్కడే. పక్షుల రెట్టలతో గింజ పగుళ్లలో పడి మొలుస్తుంది. చేత్తో లాగితే పైది తెగుతుంది, వేరు లోపల లావెక్కుతుంది. అడుగు లోపు మొక్కైతే వేరుతో సహా తీసి సున్నంతో పూడ్చండి. వేరు ముదిరితే కాండం కోసి, కోసిన మొహానికి వెంటనే వేరు చంపే మందు పూసి, అది చచ్చి ఎండేదాకా ఆగి అప్పుడు పగులు నింపాలి. బతికున్న వేరు మీద గచ్చు చేస్తే మళ్లీ చీలుతుంది.

మీ ఇల్లు చార్మినార్‌కు దగ్గరైతే ఇంకో సంగతి. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం (2010 చట్ట సవరణ). నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం, అదనపు అంతస్తు కుదరవు, మరమ్మతుకు కూడా ముందస్తు అనుమతి కావాలి. పాత ఇల్లు మొత్తం కూల్చేసి ‘మరమ్మతు’ అని రాసి దరఖాస్తు పెట్టేవాళ్లుంటారు. కూల్చాక ఆ జాగాలో ఏదీ లేవదు, దుకాణం అద్దె కూడా పోతుంది. ముందు ఇంటి నాలుగు వైపులా ఫొటోలు, కొలతలతో గీసిన బొమ్మ, ఏ గోడ ఎక్కడ దెబ్బతిందో జాబితా సిద్ధం చేసుకుని, అనుమతి చేతికొచ్చాకే మేస్త్రీకి బయానా ఇవ్వండి. ఆ మేస్త్రీ సున్నం ఎన్ని రోజులు నానబెడతాడో కూడా ముందే అడగండి. ‘రెడీమేడ్ పొడి ఉంది, రేపే పూసేస్తా’ అంటే వేరే మనిషిని చూసుకోవాలి.